వెస్లీ అను పేరు: దాని పుట్టుక, దాని అర్థము
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో మాట్లాడుటకు మాకు అరగంట ఇచ్చియున్నారు. గుడులు కట్టినవారినిగూర్చి, బడులు నడిపినవారినిగూర్చి, ఆసుపత్రులలో సేవ చేసినవారినిగూర్చి మాకన్న బాగుగా చెప్పగలవారు ఈ వేదికమీద ఉన్నారు. కనుక మేము ఒక చిన్న సంగతి ఎత్తుకొనుచున్నాము. అది ఒక పేరు. ఈ పందిరిలో "వెస్లీ!" అని గట్టిగా పిలిచినయెడల కనీసము నలుగురైదుగురు తలలు తిప్పుదురు. మీరు నవ్వుచున్నారు గనుక మేము చెప్పినది నిజమే అని తోచుచున్నది.

ఈ విషయము మేము కోరి తెచ్చుకొన్నది కాదు. ఒక పిల్లవాడు మా నెత్తిన పెట్టినాడు. మా సంఘములో ఒక కుటుంబమున్నది. వారి కుమారుని పేరు వెస్లీ. డిగ్రీ ముగించి పైచదువుకు విదేశము వెళ్లవలెనని పాసుపోర్టుకు దరఖాస్తు పెట్టినాడు. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరుకు మారుగా ఒక్క అక్షరము, దాని ప్రక్కన వెస్లీ అని మాత్రమే యున్నది. దరఖాస్తు నింపిన వారెవరో, వెస్లీ అనునది ఇంగ్లీషువారి ఇంటిపేరు గదా అని, దానిని ఇంటిపేరు గడిలో వ్రాసిరి. సొంత పేరు గడిలో ఆ ఒక్క అక్షరము మిగిలినది. దానిని సరిచేయించుటకు ఆ తండ్రి నెలల తరబడి తిరిగినాడు. తిరిగి తిరిగి విసిగి, "ఈ పేరే మార్చేద్దాం, గెజిటులో వేయించి మంచి తెలుగు పేరు పెట్టుకుందాం" అని కాగితములు సిద్ధము చేసికొని, సంఘపు ఉత్తరము కొరకు మా యొద్దకు వచ్చినాడు. పిల్లవాడు వెంట వచ్చినాడు.

మేము పిల్లవానిని అడిగితిమి: "బాబూ, నీకు ఇష్టమేనా?"

వాడు అన్నాడు: "ఇష్టమో కాదో నాకే తెలుస్తలేదు తాతా. మా తమ్ముడు సామ్యేలు. వాని పేరుకు అర్థముంది, బైబిల్లో కథ ఉంది. నా పేరుకు అర్థమేంది?"

"వెస్లీ దొరగారి పేరు బాబూ, గొప్ప భక్తుడు" అంటిమి.

"అది ఆయన పేరు. ఆయనకు కూడా అది ఇంటిపేరేనట గదా. మరి నా పేరుకు అర్థమేంది?"

ముగ్గురు పెద్దలము కూర్చుండియున్నాము. ముగ్గురము ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి. నలువది ఏండ్లనుండి ఈ పేరును రిజిస్టర్లలో వ్రాయుచున్నవారము, జవాబు చెప్పలేకపోతిమి. "ఒక నెల ఆగండి" అని ఆ తండ్రిని బతిమాలుకొంటిమి. ఆ నెలలో తెలిసికొన్నదే నేడు మీ యెదుట ఉంచుచున్నాము.

మొదట మన పేర్లను ఒకసారి చూచుకొందము. మన సంఘములలో మూడు విధములైన పేర్లు గలవు. మొదటివి వేదములోని పేర్లు: యోహాను, సామ్యేలు, దానియేలు, పౌలు. రెండవవి మన పెద్దలు తెలుగులో కూర్చుకొన్న పేర్లు: దేవదాసు, కృపావరము, ఆశీర్వాదము, సత్యానందము. ఈ రెండింటికిని అర్థము అడుగువారు లేరు, పేరులోనే యున్నది. మూడవవి ఇంగ్లీషువారి, జర్మనులవారి, అమెరికావారి ఇంటిపేర్లు: లూథర్, కేరీ, జడ్సన్, విల్సన్, నెల్సన్, జాన్సన్, స్టాన్లీ, వెస్లీ. వీటిని మనము పిల్లలకు సొంత పేర్లుగా పెట్టుకొంటిమి.

ఇందులో కొన్ని వింతలు లేకపోలేదు. జాన్సన్ అనగా జాన్ కుమారుడు. విల్సన్ అనగా విల్ కుమారుడు. మన సంఘములో దేవదాసుగారి కుమారుడు జాన్సన్ గలడు. మాట ప్రకారము చూచినయెడల తండ్రి పేరు తప్పు, లేదా కుమారుని పేరు తప్పు! అయినను ఆ తండ్రియు తప్పు కాదు, ఆ కుమారుడును తప్పు కాదు. ఇంటిపేరు సొంత పేరుగా మారినప్పుడు దాని పాత అర్థము వెనుకకు పోవును, క్రొత్త అర్థము ఒకటి ముందుకు వచ్చును. ఆ క్రొత్త అర్థమేమిటో తెలిసికొనుటయే మన పని.

ముందు పాత అర్థము చెప్పెదము. వెస్లీ అనునది రెండు ప్రాచీన ఇంగ్లీషు మాటలు కలిసి అయినది. వెస్ట్ అనగా పడమర. లీ అనగా అడవి నడుమ చెట్లు కొట్టి సాపు చేసిన నేల, పచ్చిక బీడు. కనుక వెస్లీ అనగా పడమటి బీడు. స్టాన్లీ అను పేరులో ఉన్నదియు ఆ లీ యే. అది రాళ్ల బీడు. ఇంగ్లాండులో సఫోక్ జిల్లాలోను, కేంబ్రిడ్జి జిల్లాలోను వెస్ట్‌లీ అను ఊళ్లు నేటికిని గలవు. అట్టి ఊరినుండి వచ్చినవానిని ఆ ఊరి పేరుతో పిలిచిరి. అది ఇంటిపేరుగా నిలిచినది.

ఇది మనకు క్రొత్త కాదు. మన తెలుగు ఇంటిపేర్లలో సగము ఊరి పేర్లే. కొండపల్లివారు, వేమూరివారు, నిడదవోలువారు అని మనము పిలుచుట అట్లే గదా. పల్లి, పాడు, ఊరు, చెర్ల, గుంట అని మన ఇంటిపేర్లు ముగిసినట్లు, వారి ఇంటిపేర్లు లీ అనియు, టన్ అనియు, ఫోర్డ్ అనియు ముగియును. పడమటిపాలెము అను ఊరినుండి వచ్చినవానిని పడమటివారు అన్నట్లే ఇదియును. ఇంత సామాన్యమైన పేరు అది. అందులో రాజులు లేరు, వీరులు లేరు. ఒక బీడు, ఆ బీడునకు పడమటి దిక్కు.

ఇక ఆ పేరు మన భక్తుని ఇంటికి వచ్చిన విధము. జాన్ వెస్లీగారి తాతగారు తన పేరును వెస్ట్‌లీ అని టకారముతో వ్రాసికొనెడివారు. ఆయన పేరును జానే, ఆయనయు బోధకుడే. 1662లో రాజు చేసిన ప్రార్థనావిధి చట్టమునకు లోబడనందున రెండువేలమంది వరకు బోధకులు తమ స్థానములు పోగొట్టుకొనిరి; ఆయన వారిలో ఒకరు. ఆయన కుమారుడు సామ్యేలు టకారమును విడిచి వెస్లీ అని వ్రాయ మొదలిడెను. ఈ సామ్యేలుగారు లింకన్ జిల్లాలోని ఎప్‌వర్త్ అను ఊరిలో గురువుగా నుండిరి. ఆయన భార్య సుసన్నమ్మగారు. వారికి పంతొమ్మిదిమంది బిడ్డలు కలిగి, తొమ్మిదిమంది పసితనములోనే పోయిరి. మిగిలినవారిలో జాన్ 1703లోను, చార్లెస్ 1707లోను పుట్టిరి.

ఇక్కడ ఒక వృత్తాంతము చెప్పవలసియున్నది. ఇది మన సికింద్రాబాదు వరకు వచ్చును.

ఐర్లండులో డాంగన్ అనుచోట గారెట్ వెస్లీ అను ధనికుడైన భూస్వామి యుండెను. ఆయనకు సంతానము లేదు. తన ఇంటిపేరుగల బాలుని ఒకని దత్తత చేసికొనవలెనని కోరి, బడిలో చదువుకొనుచున్న చార్లెస్‌ను అడిగించెనని వెస్లీగారి చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. చార్లెస్ ఒప్పుకొనలేదు. అప్పుడు ఆ భూస్వామి తన బంధువైన రిచర్డ్ కాలీ అను నతనికి ఆస్తి యంతయు వ్రాసి, వెస్లీ అను ఇంటిపేరు పెట్టుకొనవలెనని షరతు చేసెను. 1728లో అతడు రిచర్డ్ వెస్లీ ఆయెను. అతని మనుమలే భారతదేశపు గవర్నరు జనరలుగా వచ్చిన రిచర్డ్, తరువాత వెల్లింగ్టన్ ప్రభువని పేరొందిన ఆర్థర్. వారు మొదట వెస్లీ అనియే సంతకము చేసిరి. తరువాత పాత వ్రాతకు మరలి వెల్లెస్లీ అని వ్రాసికొనిరి. ఆ ఐర్లండు కుటుంబపు పేరు సోమర్సెట్ జిల్లాలోని వెల్లెస్లీ అను చోటినుండి వచ్చినది. వాడుకలో కురచయై వెస్లీ ఆయెను.

1798లో రిచర్డ్ వెల్లెస్లీ నిజాముతో సైన్య సహకార సంధి చేసెను. ఆ సంధివలన ఇంగ్లీషు సేన హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున దిగినది. 1806లో ఆ చోటికి నిజాము సికందర్ జా పేరిట సికింద్రాబాదు అని పేరు కలిగినది. తరువాత 1880 ప్రాంతమున వెస్లియన్ మిషనువారు ఆ సికింద్రాబాదుకే వచ్చిరి. అనగా ఒకే పేరు రెండు మారులు ఆ ఊరికి వచ్చినది. మొదటి మారు ఆస్తితో వచ్చిన పేరు, తుపాకులతో వచ్చినది. రెండవ మారు ఆస్తిని వద్దన్నవారి పేరు, పుస్తకముతో వచ్చినది. మన పిల్లలకు మనము పెట్టుకొన్నది రెండవదానిని.

సరే, జాన్ వెస్లీగారి జీవితమంతయు చెప్పుటకు సమయము లేదు. పేరుకు సంబంధించిన మూడు సంగతులు మాత్రమే చెప్పెదము.

మొదటిది. 1709 ఫిబ్రవరిలో ఎప్‌వర్త్ గురువుగారి ఇల్లు రాత్రివేళ అంటుకొనెను. అందరు బయటపడిరి, ఐదేండ్ల జాన్ మేడమీద చిక్కుపడెను. నిచ్చెన తెచ్చుటకు సమయము లేదు. ఒకని భుజములమీద మరియొకడు ఎక్కి కిటికీలోనుండి బాలుని దించిరి. వెంటనే కప్పు కూలెను. జెకర్యా గ్రంథములోని కొరవినిగూర్చిన మాటను ఆయన కడవరకు తనకు అన్వయించుకొనిరి. ఆ పేరు నిలుచుటకు ఒకరి భుజములమీద ఒకరు నిలువవలసివచ్చెను. ఆ ఇద్దరు ఎప్‌వర్త్ ఊరివారు.

రెండవది. 1742లో ఆయన తన స్వంత ఊరైన ఎప్‌వర్త్‌కు పోగా, తండ్రి ముప్పది ఏండ్లకు పైగా సేవ చేసిన గుడిలో ఆయనను ప్రసంగింపనీయలేదు. అప్పుడాయన గుడి బయట సమాధుల దొడ్డిలో తండ్రి సమాధి రాతిమీద నిలిచి ప్రసంగించిరి. రాతిమీద వెస్లీ అను ఇంటిపేరు. దానిమీద కుమారుని పాదములు. ఎదుట గుడి లోపల పట్టనంత జనము. గుడి తలుపు మూసినందున ఆయన బయలులో బోధించిరి. పడమటి బీడు అను పేరుగలవాడు నిజముగా బీళ్లలోనే, బొగ్గుగనుల యొద్దనే, సంతలలోనే బోధించి ఆ పేరును సార్థకము చేసికొనెనని మాకు తోచుచున్నది.

మూడవది. జాన్ వెస్లీగారికి బిడ్డలు లేరు. 1751లో వివాహమాడిరి, ఆ కాపురము సుఖముగా సాగలేదు. 1791 మార్చి 2న ఆయన చనిపోయినప్పుడు, ఆయన ఇంటిపేరును ఆయననుండి పొందిన బిడ్డ ఒక్కరును లేరు. తమ్ముడు చార్లెస్ సంతానము కలదు; వారు సంగీతములో పేరుగాంచిరి. కాని జాన్‌గారి వంశము ఆయనతోనే ముగిసినది. అయినను నేడు అమెరికాలో, పడమటి ఇండియా దీవులలో, ఆఫ్రికాలో, మన మెతుకుసీమలో ఎందరు వెస్లీలు! రక్తమువలన ఒక్కడును లేడు. కృతజ్ఞతవలన లెక్కలేనంతమంది. ఆ పిల్లవాడు అడిగిన "నా పేరుకు అర్థమేంది" అనుదానికి జవాబు ఇక్కడనే దొరకునని మా యభిప్రాయము. ఇంటిపేరు తండ్రినుండి తప్పనిసరిగా వచ్చును. అదే మాట సొంత పేరుగా పెట్టినప్పుడు ఎవరో ఒకరు కోరి పెట్టవలెను. కోరుటకు ఒక కారణము ఉండవలెను.

మొదట అట్లు కోరినవారిలో అమెరికాలోని మెథడిస్టులు ముఖ్యులు. బోధకులు గుఱ్ఱములమీద అడవులలో తిరుగుచు బాప్తిస్మములిచ్చుచుండగా, తలిదండ్రులు బిడ్డలకు జాన్ వెస్లీ అని రెండు మాటలు కలిపి పెట్టిరి. 1834లో ఒక మెథడిస్టు బోధకుని ఇంట పుట్టిన జాన్ వెస్లీ పవల్ యుద్ధములో కుడిచేయి పోగొట్టుకొనియు, 1869లో పడవలతో కొలరాడో నదిమీద మహాలోయగుండ సాగి, దానిని లోకమునకు తెలిపెను. 1853లో టెక్సాస్‌లో మరియొక మెథడిస్టు బోధకుని ఇంట జాన్ వెస్లీ హార్డిన్ పుట్టెను. వాడు పదిహేనవ ఏటనే నరహత్య చేసెను; పేరుమోసిన హంతకుడై పదునారేండ్లు చెరలో ఉండి, 1895లో కాల్చబడి చచ్చెను. ఇద్దరి తండ్రులును బోధకులే. ఇద్దరి పేరును ఒక్కటే. ఇది దాచవలసిన సంగతి కాదు. పేరు మంత్రము కాదు. పేరు పెట్టినంతమాత్రమున బిడ్డ భక్తుడు కాడు. పేరు ఒక అప్పు; తీర్చువాడు తీర్చును, ఎగవేయువాడు ఎగవేయును.

పడమటి ఇండియా దీవుల కథ వేరు. 1758లో ఆంటిగ్వా దీవినుండి వచ్చిన గిల్బర్ట్ అను తోటల యజమానుడు ఇంగ్లాండులో వెస్లీగారి బోధ విని, తన బానిసలలో ఇద్దరికి ఆయనచేత బాప్తిస్మమిప్పించెను. అతడు దీవికి తిరిగిపోయి తన బానిసలకు తానే బోధింప మొదలిడెను. 1774లో వెస్లీగారు బానిసల వ్యాపారమును ఖండించుచు చిన్న పుస్తకము ప్రకటించిరి. మరణమునకు ఆరు దినములు ముందు, 1791 ఫిబ్రవరి 24న, పార్లమెంటులో ఆ వ్యాపారముతో పోరాడుచున్న విల్బర్‌ఫోర్స్‌గారికి ధైర్యము చెప్పుచు ఉత్తరము వ్రాసిరి. ఆ దినములలో ఆయన చదువుచున్నది ఇక్వియానో అను ఆఫ్రికావాని జీవితకథ. ఆ ఇక్వియానోకు యజమానుడు తన యిష్టము వచ్చినట్లు గస్టావస్ వాసా అని వేరు పేరు పెట్టియుండెను. మొదట కాదనినందుకు దెబ్బలు తినవలసివచ్చెను. ఒకని పేరును ఊడబెరుకుట ఎట్టి బాధయో ఆ కథ చదివినవారికి తెలియును.

బానిసల సంతతివారు నివసించు ఆ దీవులలో వెస్లీ అను పేరు నేడు సొంత పేరే. మనలో పెద్దవారికి వెస్ హాల్ జ్ఞాపకముండును. బార్బడోస్ దీవిలో 1937లో పుట్టిన వెస్లీ విన్‌ఫీల్డ్ హాల్. 1958-59లో మన దేశమునకు వచ్చిన జట్టులో ఆయన వేగపు బంతులకు మనవారు తల్లడిల్లిరి. ఆ అయిదు టెస్టులలో ముప్పది వికెట్లు తీసెను. మెడలో సిలువ ఊగుచుండగా పరుగెత్తి వచ్చెడివాడు. ఆట ముగిసిన తరువాత తన దేశమున మంత్రియై, పిమ్మట క్రైస్తవ బోధకుడుగా అభిషేకము పొందెను.

ఇప్పుడు మన యింటికి వత్తము. 1895లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు సికింద్రాబాదు వచ్చి మొదట తిరుమలగిరిలోని తెల్ల సిపాయిల మధ్య పనిచేసిరి. అది చాలదని మరుసటి సంవత్సరము మెదకు చేరిరి. అక్కడ కరవు దినములలో పని కల్పించి అన్నము పెట్టిన వృత్తాంతము, కట్టిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన వృత్తాంతము మీరెరిగినవే. ఆ గుడి నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు. మన పెద్దలు దాని రాళ్లు మోసిరి. అదే దినములలో వారు తమ బిడ్డలకు పేర్లు కోరిరి.

ఆ తండ్రిని నెల ఆగుమన్న తరువాత మేము చేసిన పని ఒకటి గలదు. బీరువాలోనుండి పాత బాప్తిస్మపు రిజిస్టరు దించితిమి. చెదలు తిన్న అంచులు. లోపలి సిరా మాత్రము చెదరలేదు. ఆ కుటుంబపు వరుస దొరకినది. తండ్రి పేరు గడిలో పోచయ్య, కూలి. బిడ్డ పేరు గడిలో వెస్లీ. అతడే ఈ పిల్లవాని ముత్తాత.

మేము ఆ వరుసను చాలసేపు చూచితిమి. పోచయ్యను ఊరిలో పోచయ్య అని పిలిచినవారు ఎందరు? దొర గడీలో అతడు పోచిగాడు. లెక్కలో పోచిగాడు, వెట్టికి పోచిగాడు. ఇంటిపేరు అతనికి లేకపోలేదు. దానిని అడిగినవారు లేరు. అట్టివాడు తన బిడ్డను ఎత్తుకొని గుడికి వచ్చి, ఏమి పేరు అని అయ్యగారు అడిగినప్పుడు, ఈ దూరదేశపు మాట పలికినాడు. పడమటి బీడు అని అతనికి తెలియదు. వెస్ట్‌లీ అను ఊరు తెలియదు. తనను కుర్చీ ముందు నిలువబెట్టక, ప్రక్కన కూర్చుండబెట్టి, తన పేరు అడిగి పుస్తకములో వ్రాసినవారు ఎవరి పేరు చెప్పుకొని వచ్చిరో అది మాత్రము తెలియును. ఆ పేరును బిడ్డకు పెట్టుకొనెను. అతడు మెచ్చినది ఆ మాటను కాదు, ఆ మర్యాదను.

"ఇది పరదేశి అలవాటు, మనవారు ఇంటిపేర్లను సొంత పేర్లుగా పెట్టుదురా?" అని కొందరు అడుగుదురు. పెట్టుదురు. తిలక్ అనునది బాలగంగాధరుని ఇంటిపేరు. మన తెలుగు కవి దేవరకొండవారు ఆ పేరుతోనే ప్రసిద్ధులైరి. గాంధీ అనునది గుజరాతీ ఇంటిపేరు, పచారీ సరకులు అమ్మువాడని అర్థము. మన ఊళ్లలో ఎందరు గాంధీలు! బోసు బెంగాలీ ఇంటిపేరు. మన కోస్తాలో ఇంటింట బోసుబాబులు. నెహ్రూ అనగా కాలువ ఒడ్డువారు. అదియు మన పిల్లల పేరే. అర్థము చూచి పెట్టినవారు కారు. ఆ మనిషిని చూచి పెట్టినవారు. గొప్పవానిని తన బిడ్డలో చూచుకొనుట తెలుగువాని స్వభావము. పోచయ్య చేసినదియు అదే.

ఇంకొక చిక్కు సంగతి చెప్పక తప్పదు. ఆ తండ్రి మనస్సులో పాసుపోర్టు ఒక్కటే లేదు. మనలో అనేక కుటుంబములలో ఇంట ఒక పేరు, బడి పుస్తకములో ఒక పేరు గలవు. 1950లో వెలువడిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వు హిందువులకే ఆ సదుపాయములనిచ్చినది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములలో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో సి వర్గముగా నుంచిరి. పేరు వినగానే లెక్క మారిపోవునను భయము తండ్రులకు పుట్టుట సహజము. అట్టి భయముతో బిడ్డకు వేరు పేరు వ్రాయించిన తండ్రిని మేము నిందింపము. ఆకలి ఎరిగినవారు ఆకలిగలవానిని నిందింపరు. ఇట్లు వ్రాయవలెను, అట్లు వ్రాయవలెనని చెప్పుటయు నేటి మా పని కాదు. తెలియక విడిచిపెట్టవద్దు అనియే మా మనవి. తెలిసి విడిచినయెడల అది మీ యిష్టము.

తెలుగు పేర్లు పెట్టరాదని మేము అనుట లేదు. కృపావరము, సత్యానందము ఎంత చక్కని పేర్లు! 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘమువారు ఒక్కటైరి. ఆ దినమున వెస్లియన్ మిషను అను పేరును మన పెద్దలు సంఘపు బోర్డునుండి దించిరి. ఐక్యత కొరకు దించిరి, మంచిపని చేసిరి. సంఘము ఒక మనుష్యుని పేర ఉండవలసిన పని లేదు. అయినను హాజరుపట్టీలో ఆ పేరు నిలిచియున్నది. బోర్డుమీది పేరు సంస్థది. హాజరుపట్టీలోని పేరు ఒక తండ్రిది, ఒక తల్లిది.

నెల తిరిగినది. తండ్రియు కుమారుడును వచ్చిరి. మేము రిజిస్టరు తెరచి ఆ వరుస చూపితిమి. పిల్లవాడు వ్రేలు పెట్టి చదివినాడు: పోచయ్య, కూలి. వెస్లీ.

"మాటకు అర్థము పడమటి బీడు బాబూ" అంటిమి. "నీ పేరుకు అర్థము మాత్రము ఇదిగో, ఈ రెండు గడుల మధ్యనున్న గీత. దాని ఇవతల మీ ముత్తాత తండ్రి, అవతల మీ ముత్తాత."

వాడు ఏమియు అనలేదు. తండ్రి కొంతసేపు ఊరకుండి, "మా నాయన ఈ ముచ్చట నాకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. మరల, "ఆయనకూ ఎవరూ చెప్పలేదేమో" అన్నాడు. గెజిటు కాగితములు మడిచి జేబులో పెట్టుకొనిపోయినాడు. చించివేయలేదు, పంపనూలేదు. ఆ నిర్ణయము వారిది. పాసుపోర్టు సంగతి మాత్రము తేలినది: ఇంటిపేరు పూర్తిగా ఇంటిపేరు గడిలోను, వెస్లీ సొంత పేరు గడిలోను వ్రాసి మరల దరఖాస్తు పెట్టిరి.

కనుక ఈ శతవార్షిక సమయమున మా మనవులు రెండు. మొదటిది, బిడ్డల పదవ తరగతి కాగితములలో ఇంటిపేరును ఒక్క అక్షరముతో సరిపెట్టక పూర్తిగా వ్రాయించుడి. మన తాతలను ఇంటిపేరు అడిగినవారు లేకుండిరి. నేడు అడుగుచున్నారు గనుక నిండుగా చెప్పుదము. రెండవది, మీ యింటి బైబిలులో ముందు ఖాళీ పేజీ యొకటి ఉండును. నేటి రాత్రి ఇంటికి పోయి దానిమీద మీ యింటివారి పేర్లు వ్రాయుడి. ప్రతి పేరు ఎదుట, ఎవరు పెట్టిరి, ఎందుకు పెట్టిరి అని ఒక్క మాట వ్రాయుడి. తెలియనిచోట పెద్దవారిని అడుగుడి. మన ముసలివారు ఇంకను ఉన్నారు; వచ్చే శతవార్షికమునకు ఉండరు.

అప్పుడు మరియొక పిల్లవాడు వచ్చి "నా పేరుకు అర్థమేంది" అని అడిగినయెడల, ముగ్గురు పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొనవలసిన పని ఉండదు.